రెండో తూటా

హార్ట్‌వెల్, టెక్సాస్
జనవరి 12

వసంతక్కకి,

నీ ఉత్తరం అందింది. చదివి, మడిచి బియ్యం డబ్బా మీద పెట్టి, వంట చేసుకుని, మళ్ళీ చదివాను. కోపం తగ్గలేదు. కాబట్టి కోపంతోనే రాస్తున్నాను.

నీకు చెవులు పూర్తిగా పోయిన దగ్గర్నుంచీ మనిద్దరికీ ఈ కాగితాలే దిక్కు. ఫోనులో అయితే నువ్వొకటి అంటే నేనొకటి అనేసి, ఇద్దరం ఏడ్చి, ఊరుకునేవాళ్ళం. కాగితం మీద మాట అట్లా పోదు. "మూగజీవాల ఉసురు తగిలింది రత్నం, కార్తీకమాసంలో వేటకి పోతే ఏమవుతుంది మరి" అని నీ చేత్తో నువ్వు రాశావు. నా కొడుకు పోయి రెండు నెలలు. వాడు పుట్టినప్పుడు నాకు జ్వరమొస్తే నువ్వే వచ్చి నీళ్ళు పోసి, వాడి ముక్కు సాగదీసి, "వీడికి మా నాన్న ముక్కొచ్చింది" అని మురిసిపోయినదానివి.

ఉషా వదిన అందంటే సరే. ఆవిడ నా ఆడపడుచు, పైగా ఇక్కడే డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటుంది, గుడి కమిటీలో పెద్ద. చావింటికి వచ్చి కాఫీ తాగుతూ అదే మాట అంది. నువ్వు కూడానా?

వాడు వేట నుంచి ఇంటికి వస్తున్నాడు. రెడ్ లైటు దాటుకుని లారీ వచ్చింది. అంతే అక్కా జరిగింది. అందులో జింక లేదు.

ఇంక తుపాకి సంగతి. దాన్ని షెరీఫ్ ఆఫీసులో ఇచ్చెయ్యమని నువ్వు, అమ్మెయ్యమని మీ మరిది. నేను ఇవ్వను. ఎందుకో చెబుతాను, మళ్ళీ మళ్ళీ అడగొద్దు. మన ఇళ్ళల్లో సంవత్సరీకానికి పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి ఆకులో పెడతాం. నాన్నకి పొట్టేలు తలకాయ కూర పెట్టి పక్కన సారా గ్లాసు పెట్టలేదూ? అప్పుడు ఎవరూ పొట్టేలు ఉసురు మాట ఎత్తలేదు. హర్షిత్‌కి ఇష్టమైంది జింక మాంసం, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, ధనియాలపొడి ఎక్కువేసి చేసిన ఇగురు. అడవి జింక మాంసం ఇక్కడ కొట్లో అమ్మకూడదు. వేటాడాలి. వాడి ఆకులోకి వాడి తుపాకితోనే తెస్తాను. నా వయసువాళ్ళకి ఆ వేట క్లాసు కూడా అక్కర్లేదంట, లైసెన్సు ఉంటే చాలు. నేను చెయ్యెత్తి ప్రమాణం చేసి సిటిజన్ అయినదాన్ని.

చిక్కేమంటే తుపాకి చెడిపోయి ఉంది. ఒక తూటా పేలుతుంది, రెండోది పైకి ఎక్కదు. వాడు వేటాడే పొలం గలాయన, గ్రేడీ అని ముసలాయన, ఆ రోజు పొద్దున కూడా అట్లాగే ఇరుక్కుందని చెప్పాడు. బాగు చేస్తాను. ఐదో తరగతిలో ఆపేసినా ముప్ఫయ్యేళ్ళుగా కుట్టుమిషను నేనే విప్పుకుంటున్నాను, నేనే బిగించుకుంటున్నాను.

నీ చెల్లెలు
నాగరత్నం


పార్సిప్పనీ, న్యూజెర్సీ
జనవరి 25

రత్నం,

నోరు పెద్దదైంది నీకు. అయితే అయింది, నువ్వు ఉత్తరం రాశావు, అది చాలు. రాయకుండా ఉంటావేమోనని పద్మని రోజూ పోస్టుడబ్బా చూడమని తరుముతున్నాను. "అమ్మా, నేను మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చూస్తా" అని బోర్డు మీద రాసి చూపిస్తుంది. ఆ పిల్ల ఉద్యోగమంతా మీటింగులే.

నేను ఉసురు అన్నది వాడి మీద కోపంతో కాదే. ఎందుకు పోయాడో తెలియక అన్నాను. ఊరికే పోయాడంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. ఏదో ఒక కారణం ఉంటే పూజో పునస్కారమో చేసి మిగిలినవాళ్ళనైనా కాపాడుకోవచ్చు గదా అని.

అయినా కార్తీకంలో సంవత్సరీకం వస్తుంటే ఆకులో మాంసం పెడతానంటావేంటి? నాన్న పోయింది వైశాఖంలో. నేను మీ బావ పోయాక మాంసం మానేశాను, వాసన కూడా పడదు. నలుగురూ భోజనానికి వస్తారు, వాళ్ళ ముఖాన ఏం చెబుతావు? పులిహోర చెయ్యి, బొబ్బట్లు చెయ్యి. వాడు బొబ్బట్లు తినేవాడు.

యాభై ఐదేళ్ళ ఆడది తుపాకి పట్టుకుని పొదల్లో కూర్చుంటుందా? మోకాళ్ళు పట్టేసి లేవలేక అక్కడే ఉండిపోతావు. జింకలే వచ్చి లేపాలి.

తుపాకి ఇచ్చెయ్యి.

అక్క


హార్ట్‌వెల్
ఫిబ్రవరి 20

అక్కా,

బొబ్బట్లు వాడు నీ కోసం తినేవాడు. నువ్వు వెళ్ళాక "మా, టూ స్వీట్" అని మిగిలినవి కుక్కకి పెట్టేవాడు. చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను.

తుపాకి విప్పాను. భయపడకు, అసలు తూటాలు ఇంట్లో ఒక్కటి కూడా లేవు, గ్రేడీ గారు తన దగ్గర పెట్టుకున్నాడు. మందు లేని ప్లాస్టిక్ తూటాలు ఇచ్చాడు, అభ్యాసానికి. వాటితోనే చేస్తున్నాను.

ఇది ఎట్లా పని చేస్తుందో నీకు చెబుతాను. కింద చిన్న ఇనప డబ్బా. అందులో తూటాలు ఒకదాని మీద ఒకటి. వాటి కింద ఒక పలక, పలక కింద స్ప్రింగు. స్ప్రింగు నెడితే పలక లేస్తుంది, పలక మీద తూటా పైకి వస్తుంది. పైన బోల్టు. మన పాత ఇంటి వీధితలుపు గడియలాగే ఉంటుంది, పిడి పైకెత్తి వెనక్కి లాగి మళ్ళీ ముందుకి తొయ్యాలి. ముందుకి తోసేటప్పుడు అది పై తూటా మడమ పట్టుకుని గొట్టంలోకి నెడుతుంది. కుట్టుమిషను పళ్ళు గుడ్డని సూది కిందకి తోసినట్టు. కింది నుంచి గుడ్డ అందకపోతే సూది ఊరికే గాలిలో పొడుస్తుంది చూడు, ఇదీ అంతే. మొదటి తూటా బాగానే వెళుతుంది. రెండోసారి గడియ ఖాళీగా వచ్చి మూసుకుంటుంది. డబ్బాలోకి చూస్తే తూటా అడుగునే, మొద్దునిద్ర పోతున్నట్టు.

గ్రేడీ గారికి చూపించాను. ఆయన గడ్డం గోక్కుని, "మిస్ రత్నా, కుర్రాడు గాభరాలో బోల్టు పూర్తిగా వెనక్కి లాగి ఉండడు. పెద్ద జింకని చూస్తే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మిస్టర్ గ్రేడీ, మై సన్ హ్యాండ్ నో షేక్" అన్నాను. "యు పుల్. యు సీ." ఆయన లాగాడు. ఆయన గరాజు వాకిట్లో, చలిలో, మోచెయ్యి వెనక్కి పోయేదాకా లాగాడు. రెండోది ఎక్కలేదు. ఇంకోసారి లాగాడు. ఎక్కలేదు. టోపీ తీసి, "ఐ బెగ్ యువర్ పార్డన్" అన్నాడు. నాకు క్షమాపణ అక్కర్లేదు, వాడి చేతిలో లోపం లేదని ఒకళ్ళు ఒప్పుకుంటే చాలు.

కాబట్టి లోపం ఆ డబ్బాలో ఉంది. పట్టుకుంటాను.

రత్నం


పార్సిప్పనీ
మార్చి 3

రత్నం,

ఒక్క మాట సూటిగా అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ ఆయన పద్మకి ఫోను చేశాడంట. "అది గరాజులో తుపాకి ముందేసుకుని కూర్చుంటోంది, నాతో మాట్లాడదు, నాకు భయంగా ఉంది" అన్నాడంట. పద్మ ఆ మాట బోర్డు మీద రాసి చూపించింది.

నువ్వు ఏమన్నా చేసుకోవాలని చూస్తున్నావా? అట్లాంటిది ఉంటే నాకు చెప్పు. డాక్టరు దగ్గరికి పోదాం. నేనొచ్చి నీ దగ్గరుంటాను. చెవుల్లేకపోయినా కళ్ళున్నాయి నాకు.

వెంటనే రాయి.

అక్క


హార్ట్‌వెల్
మార్చి 9

అక్కా,

లేదు. నేను చావను. డిసెంబరులో కొన్నాళ్ళు తెల్లారకపోతే బాగుండు అనిపించింది, అది నిజం. డాక్టరమ్మ దగ్గరికి అప్పుడే వెళ్ళాను, ఇప్పటికీ వెళుతున్నాను, బిళ్ళలు వేసుకుంటున్నాను. ఆవిడకి తుపాకి సంగతి కూడా చెప్పాను. తూటాలు ఇంట్లో పెట్టొద్దని ముందు చెప్పింది ఆవిడే. నేను పోతే హర్షిత్ గురించి మాట్లాడే నోరు ఉషా వదినది ఒక్కటే మిగులుతుంది. ఆ సుఖం ఆవిడకి ఇవ్వను.

మీ మరిదికి భయంగా ఉంటే నన్ను అడగాలి. న్యూజెర్సీకి ఫోను చేస్తాడేంటి? మేము ఒకే గ్యాస్ స్టేషన్‌లో ఒకే కౌంటరు వెనక పొద్దస్తమానం నిలబడతాం. ఆయన లాటరీ టిక్కెట్లు చింపుతాడు, నేను సమోసాలు వేడి చేస్తాను. మధ్యలో హర్షిత్ పేరు రాకుండా ఆయన నడుచుకుంటాడు, కింద నీళ్ళు ఒలికినచోట తప్పుకుని నడిచినట్టు.

నిన్న ఆయన్నే అడిగాను. "నీకు భయమెందుకు?" అని.

"అది చూస్తే వాడు గుర్తొస్తాడు" అన్నాడు.

"నాకు అది చూడకపోయినా గుర్తొస్తాడు" అన్నాను.

 తుపాకి పెట్టి మూసిన ఇనప బీరువా తాళం తన జేబులోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు.

రత్నం


హార్ట్‌వెల్
మే 18

అక్కా,

ఎక్కింది! రెండోది ఎక్కింది, మూడోది కూడా!

స్ప్రింగు పాతబడి సొమ్మసిల్లిందని నాకు అనుమానం. కొత్తది పోస్టులో తెప్పించాను. డబ్బా పూర్తిగా విప్పి, పలక తీసి, జిడ్డంతా గుడ్డతో తుడిచి, డబ్బా మూతి అంచులు వంగాయేమోనని వేలితో తడిమి చూసి, కొత్త స్ప్రింగు పెట్టాను. స్ప్రింగు తిరగేసి పెడితే పలక ముందుకి ఒరిగిపోయింది, మళ్ళీ తీసి సరిచేశాను. గడియ లాగి తోస్తే టక్కుమని ఎక్కింది. వంటింట్లో చేశాను ఇదంతా. నేను అరిచిన అరుపుకి ఆయన స్నానంలోంచి తువ్వాలు కట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

గ్రేడీ గారి పొలంలో అసలు తూటాలు కాల్చాను. భుజం నల్లగా కమిలింది. మొదటిరోజు అట్టముక్క పెట్టిన గట్టుకి కూడా తగల్లేదు. ఇప్పుడు అట్టముక్కకి తగులుతోంది. ఆయన భార్య నిమ్మకాయ నీళ్ళు తెచ్చిచ్చి, "హర్షిత్ ఎప్పుడూ నీ వంట గురించే చెప్పేవాడు" అంది. ఈ ఊళ్ళో ఎవరూ వాణ్ణి పాపాత్ముడు అనలేదు. జింకలు పంట తింటాయి, వీళ్ళు జింకల్ని తింటారు, ఎవరైనా పోతే కేక్ చేసి తెస్తారు.

ఉషా వదిన పోయినవారం ఫోను చేసింది. గుడిలో వాడి పేరున శాంతి చేయిస్తానంటుంది. "ఏం పాపానికి వదినా?" అన్నాను. "అది కాదు రత్నం, కార్తీకంలో కదా..." అని మొదలెట్టింది. "కాపెల్‌లో మీ ఆయన కార్తీకమాసం నెలంతా బ్యాక్‌యార్డ్‌లో కోడి కాల్చుకుంటాడు, ఆ పొగకి కూడా శాంతి చేయించు" అని పెట్టేశాను.

నవ్వావా? నవ్వే ఉంటావు. నాకు తెలుసు.

రత్నం


పార్సిప్పనీ
జూన్ 2

రత్నం,

నవ్వాను. పాపం తగిలితే నీదే.

స్ప్రింగు బాగయిందని రాశావు, సంతోషమే. నాకు తుపాకి అంటే ఇష్టం లేదు, అది నీకు తెలుసు. కానీ నీ ఉత్తరంలో అక్షరాలు నిటారుగా ఉన్నాయి ఈసారి. జనవరిలో ఒకదాని మీద ఒకటి పడిపోతుండేవి.

మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

అక్క


హార్ట్‌వెల్
అక్టోబరు 13

అక్కా,

నా వల్ల కావడం లేదు.

ఎండాకాలమంతా ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. దసరాకి ఆయుధపూజ కూడా ఘనంగా చేశాను. కుట్టుమిషను, గ్రైండరు, కత్తిపీట, కారు, మధ్యలో పీట మీద వాడి తుపాకి. అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి, ఎప్పటిలాగే ఇనుముకి కొబ్బరినూనె పట్టించి, హారతిచ్చాను. వేటకాలం మొదలయ్యేలోపు మళ్ళీ విప్పే పని లేకుండా డబ్బాలో కూడా నాలుగు చుక్కలు పోశాను.

నిన్న ఉత్తరపు గాలి దిగింది. తెల్లవారుజామున గ్రేడీ గారి పొలానికి పోయి, మందు లేని తూటాలు పెట్టి లాగితే మళ్ళీ అదే. మొదటిది ఎక్కింది. రెండోది కింద పడుకుంది. గడియ కూడా బురదలో కాలు లాగినట్టు బరువుగా వచ్చింది. చెంప మీద కొట్టినట్టయింది నాకు.

ఇంటికి తెచ్చి వంటింట్లో చూస్తే శుభ్రంగా ఎక్కుతోంది! ఇడ్లీపాత్ర పక్కన ఎక్కుతుంది, పొలంలో ఎక్కదు. నన్ను ఆటపట్టిస్తోందా ఇది? స్ప్రింగు కొత్తదేగా. డబ్బా అంచులు బాగానే ఉన్నాయి. గ్రేడీ గారు తన తుపాకి ఇస్తానన్నాడు. ఇంకా మాట్లాడితే తను కొట్టిన జింకలోంచి ఒక తొడ ఇస్తానన్నాడు. మంచి మనిషే. వద్దన్నాను. వాడి తుపాకితో కాకపోతే ఇంక ఎందుకు?

సీజను వచ్చే నెల ఒకటిన మొదలు. సంవత్సరీకం పదహారున, ఆదివారం. ఉషా వదినకి తెలిస్తే "చూశావా, దేవుడే అడ్డుపడుతున్నాడు" అంటుంది. నాకు కూడా అట్లా అనిపిస్తుందేమోనని భయంగా ఉంది.

రత్నం


పార్సిప్పనీ
అక్టోబరు 17

ఒసే పిచ్చి రత్నం,

దేవుడు కాదే అడ్డుపడింది. కొబ్బరినూనె!

నీకు టెక్సాస్ ఎండలో ఉండి ఉండి బుర్ర కరిగింది. ఇక్కడికి వచ్చి మా బాత్రూములో కొబ్బరినూనె సీసా చూడు. దసరా వెళ్ళిందంటే చాలు, తెల్లగా గడ్డకట్టి సీసా బోర్లించినా రాదు. తలకి రాసుకోవాలంటే వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి కూర్చోవాలి. నువ్వు దాన్ని పలక పక్కన పోశావు. వంటింటి వేడికి నూనెగా ఉంటుంది, పలక లేస్తుంది. బయట చలికి మైనంలా బిగుసుకుంటుంది, పలక అతుక్కుపోతుంది. ఇంక స్ప్రింగు ఎంత కొత్తదైతే ఏం లాభం?

ఫిబ్రవరిలో చలి, ఇరుక్కుంది. మేలో నువ్వు జిడ్డు తుడిచావు, పైగా ఎండాకాలం, ఎక్కింది. దసరాకి మళ్ళీ పోశావు, గాలి మారింది, ఇరుక్కుంది. నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని చూశాను. పద్మ చూసి, "అమ్మా, డిటెక్టివ్‌లా ఉన్నావ్" అని రాసింది.

నమ్మకపోతే ఒక గరిటెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి చూడు. తర్వాత డబ్బా విప్పి, వేడినీళ్ళ గుడ్డతో ఆ జిడ్డంతా తీసి, తడి లేకుండా ఆరబెట్టి, తుపాకికి వాడే నూనె ఉంటుంది కదా, అది ఒక్క చుక్క రాయి. డబ్బాలో ఏమీ పొయ్యకు. వచ్చే దసరాకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకో, చాలు. అమ్మవారేం నూనె అడగలేదు.

నాకు తుపాకి ఇష్టం లేదు. అయినా తెలిసిన సంగతి దాచుకుని కూర్చోలేను గదా.

అక్క


హార్ట్‌వెల్
అక్టోబరు 22

అక్కా,

గరిటె ఫ్రిజ్‌లో పెట్టాను. నువ్వన్నట్టే గడ్డకట్టింది. డబ్బా కడిగి, ఆరబెట్టి, తెల్లారి చలిలో వాకిట్లో నిలబడి లాగాను. అన్నీ ఎక్కాయి. ఎన్నిసార్లు లాగినా ఎక్కాయి. నీకు నా దణ్ణాలు.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి చెబుతాను. ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు దసరాకి ముందు హర్షిత్ అన్నాడు, "మా, గన్ కొంచెం గరగరమంటోంది" అని. అంతకుముందు ఏడాదులు తుపాకికి పైపైన నూనె రాసి బొట్టు పెట్టేదాన్ని, అంతే. ఆ ఏడు వాడి మాట విని, వాడికి సాయం చేద్దామని, డబ్బాలో నిండుగా కొబ్బరినూనె పోశాను. వాడు చూశాడో లేదో. ఆ రోజు పొద్దున వాడి దగ్గర్నుంచి ఫోనుకి మెసేజి వచ్చింది. "గన్ జామ్ అయింది మా. ఎర్లీగా వస్తున్నా. ఇడ్లీ పెట్టు." గ్రేడీ గారు చెప్పాడు, లేకపోతే మధ్యాహ్నం దాకా ఉండేవాడేనంట.

అంటే అక్కా, నేను నూనె పోశాను. తుపాకి ఇరుక్కుంది. వాడు తొందరగా బయల్దేరాడు. ఆ సమయానికి ఆ లారీ అక్కడికి వచ్చింది. కుట్టు ఊడిన దారం పట్టి లాగినట్టు లాగుతూ పోతే నా చేతి దగ్గరికే వచ్చింది.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ దారమే లాగుతూ కూర్చున్నాను. షాపుకి పోలేదు. మీ మరిది అన్నం పెట్టి తెచ్చి పక్కన పెడితే తినలేదు.

నిన్న తెంపేశాను. ఎందుకంటే విను. ఆ లారీవాడు ఫోను చూసుకుంటూ లైటు దాటాడు. పోలీసులే రాశారు ఆ మాట. ఉషా వదిన జింకని పట్టుకుంది. నువ్వు కార్తీకాన్ని పట్టుకున్నావు. నేను నన్ను పట్టుకోబోయాను. ఇంతమందిమి ఇన్ని నెలలుగా పాపం ఎవరిదా అని వెతుకుతున్నాం, ఆ ఫోను చూసుకున్నవాణ్ణి మాత్రం ఒక్కళ్ళం ఒక్క మాట అనలేదు! వాడికంటే తేలిగ్గా దొరికేది మేమే కాబోలు. చచ్చిపోయినవాడు, వాణ్ణి కన్నది.

నేను నూనె పోసింది నా కొడుకు మీద ప్రేమతో. అది తప్పే, ఇనుముకి తప్పు. వాడికి కాదు. ఇడ్లీ కోసం ఇంటికి రావడం పాపం కాదు. ఎవరన్నా ఈ సంగతి పట్టుకుని నన్ను ఒక్క మాట అన్నారా, నా గుమ్మం తొక్కనివ్వను. నువ్వయినా సరే.

ఒకటో తారీఖున పోతున్నాను.

నాగరత్నం


పార్సిప్పనీ
అక్టోబరు 26

రత్నం,

కొబ్బరినూనె అని రాసి పోస్టులో వేసి, గొప్ప పని చేశానని ఆ రోజు పాయసం వండుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఆ పాయసం గిన్నె కనపడకుండా అలమారలో వెనక్కి తోసేశాను.

నేను నిన్ను ఏమీ అనను. జనవరిలో నేను రాసిన ఆ ఉసురు ఉత్తరం చింపి పొయ్యిలో వెయ్యి. మీది కరెంటు పొయ్యి అయితే చెత్తబుట్టలో వెయ్యి.

ఇంకొకటి చేశాను. పద్మ చేత కాపెల్‌కి వీడియో కాల్ పెట్టించాను. ఉషమ్మ ముఖం కనపడగానే మొదలెట్టాను. "ఇదిగో ఉషమ్మా, నా చెల్లెలి కొడుకు పాపం చేసి పోలేదు, లారీ గుద్ది పోయాడు. ఇంకోసారి శాంతి అన్నావంటే నీకే చేయించాల్సి వస్తుంది" అన్నాను. ఆవిడ నోరు చాలాసేపు ఆడింది. నాకేం వినపడుతుంది? తలూపి, నమస్కారం పెట్టి, కట్టేశాను. ఈ చెవుడు వచ్చినందుకు మొట్టమొదటిసారి సంతోషం వేసింది.

పద్మ నోరు మూసుకుని నవ్వుతూ సోఫాలో పడిపోయింది.

జాగ్రత్తగా పో. మోకాలికి పట్టీ కట్టుకో.

అక్క


హార్ట్‌వెల్
నవంబరు 2

అక్కా,

చెబుతాను, అన్నీ వరసగా చెబుతాను.

చీకటి ఉండగానే పోయాం. పొలంలో చెక్కలతో కట్టిన చిన్న గూడు ఉంది, అందులో గ్రేడీ గారూ నేనూ. చలి బాగా ఉంది. హర్షిత్ కోటు వేసుకున్నాను, చేతులు మడిచి. ఆయన మాట్లాడొద్దన్నాడు. నాకు మాట్లాడకుండా ఉండటం ఈ ఏడాది బాగా అలవాటయింది.

వెలుగొచ్చాక కంప చెట్ల పక్కనుంచి వచ్చింది. కొమ్ములు గలది. మెడ ఎత్తి అటూ ఇటూ చూసి గడ్డి వాసన చూస్తోంది. అందంగా ఉంది. అబద్ధం చెప్పను, ఒక క్షణం వదిలేద్దామనిపించింది. నేర్పినట్టే ఊపిరి వదిలి, సగంలో ఆపి, నొక్కాను.

తగల్లేదు. పైనుంచి పోయింది. జింక ఒక్క గెంతు గెంతి ఆగింది. మోత ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక చెవులు తిప్పుతూ నిలబడింది. గ్రేడీ గారు గాలి వదిలినట్టు మెల్లిగా, "అగెయిన్" అన్నాడు.

అక్కా, పోయినేడు వాడికి ఇదే జరిగింది. మొదటిది తప్పింది. రెండోదానికి గడియ లాగాడు. రాలేదు.

పిడి పైకెత్తాను. మోచెయ్యి వెనక గోడకి కొట్టుకునేదాకా లాగాను. ముందుకి తోశాను. తూటా లేచి గొట్టంలోకి వెళ్ళడం నా అరచేతికి తెలిసింది. నా చెయ్యి వణకలేదు. నొక్కాను.

అక్కడికక్కడే పడింది. గ్రేడీ గారు నా భుజం మీద, కమిలిన చోటే, చరిచాడు. నేను "హర్షిత్ హ్యాండ్ ఆల్సో నో షేక్" అన్నాను. ఆయన "నో మేడమ్. నెవర్ డిడ్" అన్నాడు. లైసెన్సుతో ఇచ్చిన ట్యాగు దాని కొమ్ముకి కట్టాక కడుపు కోసి శుభ్రం చేసేటప్పుడు మోచేతుల దాకా చేతులు పెట్టి నేనే చేశాను. వెచ్చగా ఉంది. దానికి దణ్ణం పెట్టుకున్నాను, ఉసురు తగులుతుందని కాదు, తినబోతున్నాం కాబట్టి.

ఇంటికి తెచ్చేసరికి మీ మరిది గుమ్మంలో ఉన్నాడు. తుపాకి వైపు చూశాడు. మాంసం వైపు చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచి కత్తిపీట ముందు కూర్చున్నాడు. ఫ్రీజర్‌లో పెట్టడానికి ముక్కలు కోస్తూ కోస్తూ, "వాడికి మరీ చిన్న ముక్కలు నచ్చవు" అన్నాడు. ఏడాది తర్వాత వాడి మాట ఆయన నోటి నుంచి. నేను పొయ్యి వైపు తిరిగాను.

ఉషా వదిన గుడి గ్రూపులో మెసేజి పెట్టిందంట. "కార్తీకమాసంలో మాంసం వడ్డిస్తే మేమందరం విస్తరి ముందు నుంచి లేచిపోతాం" అని. లేవనీ. పదహారున మధ్యాహ్నం వాడికి ముందు పెడతాను, తర్వాత అందరికీ వడ్డిస్తాను. పప్పూ, పెరుగూ కూడా ఉంటాయి, మాంసం తిననివాళ్ళకి బలవంతం లేదు. కానీ వాడి పాపం లెక్కపెట్టడానికి వచ్చేవాళ్ళకి నా ఇంట్లో ఆకు లేదు.

నువ్వు వాసన పడదన్నావు. నిన్ను రమ్మని అడగడం లేదు. నీకు చెప్పాలనిపించింది, చెప్పాను.

రత్నం


పార్సిప్పనీ
నవంబరు 6

రత్నానికి,

ఇది అర్జెంటు పోస్టులో వేయిస్తున్నాను. పధ్నాలుగున, శుక్రవారం సాయంత్రం డాలస్‌లో దిగుతున్నాను. పద్మకి సెలవు దొరకలేదు, ఒక్కదాన్నే వస్తున్నాను. "నాకు చెవులు వినపడవు, దయచేసి రాసి చూపించండి" అని ఇంగ్లీషులో అట్ట రాసి మెడలో వేసింది. బడికి మొదటిరోజు పోయే పిల్లలా ఉన్నాను. మరిదిని ఎయిర్‌పోర్టుకి పంపు.

నేను మాంసం తినను, అది మాత్రం మారదు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాను. కానీ వడ్డించేది నేనే. నువ్వు ఏడుస్తూ వడ్డిస్తే నలుగురూ జాలి పడతారు, జాలి మనకొద్దు.

ముందు హర్షిత్ ఆకులో వేస్తాను, పెద్ద ముక్కలు చూసి. తర్వాత తిన్నగా ఉషమ్మ ఆకు దగ్గరికే గరిటె పట్టుకుని వెళతాను. వద్దంటే పప్పు వేస్తాను, నవ్వుతూ వేస్తాను. లేస్తానంటే మాత్రం, ఆవిడ ఏం చెప్పి లేస్తుందో నాకెట్లాగూ వినపడదు. పక్క ఆకుకి వెళ్ళిపోతాను.

అక్క